మీ పిల్లలు కొత్త లెన్స్ అడుగుతున్నారా?



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి, మార్కుల గురించి ఒక్క మాట కూడా అడగకుండా, "మేడమ్, ఎఫ్ 1.8 అంటే ఏంటండీ?" అన్నారు. వెనక లైన్లో ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. తొమ్మిదో తరగతి చదువుతున్న వాళ్లబ్బాయి పది రోజులుగా ఇంట్లో అదే జపం చేస్తున్నాడట. ఆ లెన్స్ ముప్పై వేల పైమాటట. ఈఎంఐలో తీసుకుందామా, టర్మ్ ఫీజు కట్టాక చూద్దామా అని ఆయనా, వాళ్లావిడా మాట్లాడుకుంటున్నారట. "కొనలేక కాదు మేడమ్. అది నిజంగా వాడికి అవసరమా, క్లాసులో ఇంకెవరి దగ్గరో ఉందని అడుగుతున్నాడా, అదే తెలియట్లేదు" అన్నారు.

లైన్లో ఇంకా చాలామంది ఉన్నారు. అది రెండు నిమిషాల్లో తేలే ప్రశ్న కాదు. ఈ నెల తెలుగు పేజీలు నాకిచ్చారు కాబట్టి ఆయనకి ఇవ్వలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నా పొరపాటు కూడా ఒకటి ఉంది. ముందు అది చెప్పేస్తాను.

మన క్యాంపస్‌లో శనివారం చివరి పీరియడ్ క్లబ్‌ల కోసం ఉంటుంది. (వీకెండ్ టెస్ట్ అయిపోయాకే, కంగారు పడకండి.) నేను చెప్పేది ఫిజికల్ సైన్స్. ఫోటో క్లబ్ బాధ్యత అదనంగా వచ్చింది, ఇష్టంగానే తీసుకున్నాను. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు వస్తారు. ఫోన్‌లో ఫోటో చూపించకూడదు, వారానికి ఒక్కటే ఫోటో ఆరు బై నాలుగు సైజులో ప్రింట్ తీయించి తేవాలి అన్నది మా నియమం. ప్రింట్లన్నీ టేబుల్ మీద వరసగా పరుస్తాం. అందరూ చుట్టూ తిరిగి చూస్తారు, మాట్లాడుకుంటారు. నేర్చుకోవడానికి పనికొస్తుందని, ప్రతి ప్రింట్ వెనకా పెన్సిల్‌తో కెమెరా పేరు, లెన్స్, ఎఫ్ నంబర్ రాయమన్నాను.

చిక్కు అక్కడే వచ్చింది. నాలుగైదు వారాలు గడిచేసరికి పిల్లలు ఫోటో చూడకముందే దాన్ని తిప్పి వెనక చూడడం మొదలుపెట్టారు. "ఓ, ఫుల్ ఫ్రేమా!" "ఇది కిట్ లెన్సే కదా." "వీడిది సగం సెన్సర్ రా." పెద్దవాళ్లు అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కార్లు చూసినట్టే అనుకోండి.

ఆ అబ్బాయి దగ్గర ఉన్నది వాళ్ల బాబాయి అమెరికా నుంచి వస్తూ ఇచ్చిన పాత మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరా. ఒక శనివారం వాడు తెచ్చిన ఫోటోలో వాళ్ల నాయనమ్మ గడప దగ్గర కూర్చుని చాటతో బియ్యం చెరుగుతున్నారు. పైకెగిరిన గింజలు ఇంకా గాల్లోనే ఉన్నాయి. దాని పక్కనే ఇంకో అమ్మాయి ఫోటో: బాల్కనీలో మందార పువ్వు, వెనకంతా మీగడలా కరిగిపోయింది. నేను ఆ రెండో ఫోటో చేతిలోకి తీసుకుని, "బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ ఎంత బాగా వచ్చిందో చూడండి" అన్నాను. నాయనమ్మగారి ఫోటోకి "గుడ్" అని ముందుకెళ్లిపోయాను. తర్వాతి రెండు వారాలూ వాడు ఖాళీ చేతులతో వచ్చాడు. అడిగితే, "మా కెమెరాకి అంత రాదు మేడమ్" అన్నాడు.

ఇంట్లో లెన్స్ గొడవ మొదలైంది సరిగ్గా ఆ వారంలోనే అని వాళ్ల నాన్నగారు చెప్తే తెలిసింది. అంటే ఆ ముప్పై వేల ఖర్చుకి బీజం వేసింది టీచర్ అన్న ఒక్క మాట.

చిన్నది అంటే ఎంత చిన్నది?

మీ పెళ్లి నాటికో, మీ అమ్మానాన్నల కాలానికో ఇంట్లో రీలు కెమెరా ఉండే ఉంటుంది. ఒక రీలుకి 36 ఫోటోలు. తిరుపతి వెళ్లొచ్చాక ఇంకా నాలుగు మిగిలాయని, పిల్లల్ని గుమ్మం ముందు నిలబెట్టి అవి కూడా తీసేసి, అప్పుడు స్టూడియోలో కడగడానికి ఇచ్చేవాళ్లు. ఆ రీలు వెడల్పు 35 ఎం.ఎం. అందులో ఒక్కో ఫోటోకి దొరికే చోటు 36 ఎం.ఎం. పొడవు, 24 ఎం.ఎం. ఎత్తు. ఈ రోజు పిల్లలు గొప్పగా చెప్పే ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ సైజు కూడా అంతే.

ఈ కొలత ఎక్కడి నుంచి వచ్చిందో మా క్లబ్ పిల్లలకి చెప్పినప్పుడు వాళ్లు కాస్త ఇబ్బందిగా నవ్వారు. ఎందుకంటే, వాళ్లు ఫుల్ అంటున్నది ఒకప్పుడు మరీ చిన్నదని లోకం వెక్కిరించిన సైజు. 19వ శతాబ్దం చివర్లో సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపి, నిజాం ఆస్థానానికి ఫోటోలు తీసిన రాజా దీన్ దయాళ్ వాడినవి పెద్ద పెద్ద గాజు పలకలు. కెమెరా మొయ్యడానికి మనుషులు కావాలి. జర్మనీలోని వెట్జ్‌లార్ ఊళ్లో, లైట్జ్ కంపెనీలో పనిచేసిన ఆస్కార్ బార్నాక్‌కి ఫోటోలంటే ఇష్టం, కానీ ఉబ్బసం వల్ల అంత బరువు మోస్తూ గుట్టలెక్కలేకపోయేవాడు. సినిమా ఫిల్మ్‌ని అడ్డంగా నడిపించి, సినిమా ఫ్రేముకి రెట్టింపు సైజులో ఒక్కో ఫోటో వచ్చేలా జేబులో పట్టే కెమెరా చేశాడు. చిన్న నెగటివ్ తీసి పెద్ద ప్రింట్ వేసుకోవడం ఆయన ఆలోచన. అదే లైకాగా 1925లో లైప్‌జిగ్ సంతలో జనం ముందుకొచ్చింది. అప్పట్లో దాన్ని మినియేచర్ కెమెరా అనేవాళ్లు. స్టూడియోల వాళ్లలో చాలామంది దాన్ని బొమ్మ కిందే లెక్కేశారు. ఆ బొమ్మతోనే ఫ్రాన్స్‌కి చెందిన ఆన్రీ కార్టియే బ్రెసాన్ దేశాలు తిరిగాడు. 1948లో గాంధీగారి అంత్యక్రియల ఫోటోలు తీసిన వాళ్లలో ఆయన ఒకరు. జీవితంలో ఎక్కువ భాగం ఆయన వాడింది ఒకే ఒక్క రకం లెన్స్, 50 ఎం.ఎం.

ఇప్పుడు ఆ 36 బై 24 కంటే చిన్న సెన్సర్లు వచ్చాయి. ఏపీఎస్-సీ అనే రకం దాదాపు 23.5 బై 15.6. 2008లో ఒలింపస్, పానాసోనిక్ కలిసి ప్రకటించిన మైక్రో ఫోర్ థర్డ్స్ రకం 17.3 బై 13. వైశాల్యం లెక్కేస్తే ఇది ఫుల్ ఫ్రేమ్‌లో సుమారు నాలుగో వంతు. ఫోన్‌లోది ఇంకా చాలా చిన్నది, చిటికెన వేలి గోరంత అనుకోవచ్చు.

సెన్సర్ చిన్నదైతే ఏమవుతుంది? కిటికీలోంచి వీధి చూస్తున్నారనుకోండి. అదే చోట నిలబడి కిటికీ తలుపులు సగానికి మూస్తే, కనిపించే వీధి తగ్గుతుంది. వీధి మారలేదు, మీరూ కదల్లేదు. 50 ఎం.ఎం. లెన్స్‌ని మైక్రో ఫోర్ థర్డ్స్ మీద పెడితే, ఫుల్ ఫ్రేమ్ మీద 100 ఎం.ఎం. లెన్స్ ఎంత మేర చూపిస్తుందో అంతే కనిపిస్తుంది. అందుకే ఆ కెమెరాలకి లెన్స్ నంబర్‌ని రెండుతో హెచ్చించి చెబుతారు. ఏపీఎస్-సీకి ఒకటిన్నరతో. మీ అబ్బాయి "మాది క్రాప్ సెన్సర్" అంటే అర్థం ఇంతే, అందులో లోపమేమీ లేదు. పులికాట్‌కో నేలపట్టుకో వెళ్లి పక్షుల్ని తీసేవాళ్లలో కొందరు ఈ చిన్న సెన్సర్‌ని కావాలనే ఎంచుకుంటారు. దాని మీద 300 ఎం.ఎం. లెన్స్ పెడితే ఫుల్ ఫ్రేమ్ మీద 600 పెట్టినంత దగ్గరగా కొంగ కనిపిస్తుంది. ఎఫ్ 4 రకాల్లో చూస్తే ఆ 300 లెన్స్ బరువు కిలోన్నర లోపే, 600ది సుమారు మూడు కిలోలు. మధ్యాహ్నం ఎండలో గట్టు మీద నడిచేవాళ్లకి ఆ తేడా భుజాలకే తెలుస్తుంది.

ఎఫ్ 1.8 అంటే

తెలుగు మీడియంలో చదివినవాళ్లకి కుంభాకార కటకం, నాభ్యంతరం గుర్తున్నాయా? భూతద్దంతో ఎండని కాగితం మీద చుక్కగా చేర్చి కాల్చిన ప్రయోగం? అద్దానికీ ఆ చుక్కకీ మధ్య దూరమే నాభ్యంతరం. లెన్స్ మీద 50 ఎం.ఎం. అని రాసి ఉండేది దాని గురించే. మీ పిల్లలు పదో తరగతిలో ఫోకల్ లెంగ్త్ అని చదివేదీ అదే. అది పెరిగితే దూరంగా ఉన్నది దగ్గరగా, పెద్దగా కనిపిస్తుంది. తగ్గితే చార్మినార్ ముందు నిలబడి నాలుగు మినార్లూ ఒకే ఫోటోలో పట్టేంత వెడల్పు వస్తుంది.

ఎఫ్ నంబర్ అంటే ఆ ఫోకల్ లెంగ్త్‌ని, వెలుతురు లోపలికి వచ్చే కన్నం వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్య. 50 ఎం.ఎం. లెన్స్‌లో కన్నం 25 ఎం.ఎం. ఉంటే అది ఎఫ్ 2. కన్నం 12.5 అయితే ఎఫ్ 4. నంబర్ పెరిగితే కన్నం చిన్నదవుతుంది. పిల్లలు ఇక్కడే తికమకపడతారు. నేను అరకిలో, పావుకిలో అని చెప్తాను: కింద ఉన్న అంకె పెరిగితే తూకం తగ్గినట్టు. ఎఫ్ 2 దగ్గర వచ్చే వెలుతురు ఎఫ్ 4 దగ్గర వచ్చేదానికి నాలుగు రెట్లు, ఎందుకంటే వ్యాసం రెట్టింపైతే వైశాల్యం నాలుగింతలవుతుంది.

ఆ అబ్బాయి కెమెరాతో వచ్చిన లెన్స్ 14 నుంచి 42 ఎం.ఎం. వరకు జూమ్ అవుతుంది. ఎఫ్ నంబర్ 14 దగ్గర 3.5, 42 దగ్గర 5.6. వాడు అడుగుతున్నది 45 ఎం.ఎం. ఎఫ్ 1.8. రెండింటికీ తేడా ఉంది, లేదని నేను చెప్పను. 5.6ని 1.8తో భాగించి వర్గం చేస్తే దాదాపు పది వస్తుంది. అంటే ట్యూబ్‌లైట్ కింద ఈ కొత్త లెన్స్‌కి పది రెట్లు వెలుతురు అందుతుంది. యాన్యువల్ డే స్టేజీ మీద డాన్స్ తీయాలంటే అది చాలా పెద్ద తేడా. బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ కూడా ఎక్కువ వస్తుంది, ఎందుకంటే కన్నం 25 ఎం.ఎం. వ్యాసం ఉంటుంది, పాత లెన్స్‌ది 42 దగ్గర ఏడున్నరే.

కానీ అదే లెక్కలో పిల్లలకి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. 14 దగ్గర ఎఫ్ 3.5 కదా, చిన్న నంబర్ కాబట్టి అక్కడే బ్లర్ ఎక్కువ అనుకుని వాడు ఎప్పుడూ 14 దగ్గరే పెట్టి తీసేవాడు. భాగించి చూడండి: 14ని 3.5తో భాగిస్తే కన్నం నాలుగు ఎం.ఎం. 42ని 5.6తో భాగిస్తే ఏడున్నర. కాబట్టి జూమ్ చివరికి తిప్పి, మనిషికి దగ్గరగా వెళ్లి, వెనక గోడ దూరంగా ఉండేలా నిలబెడితే, చేతిలో ఉన్న కిట్ లెన్స్‌తోనే ముఖం వెనక మెత్తగా కరుగుతుంది. మందార పువ్వంత కాకపోయినా కరుగుతుంది. ఒక శనివారం ఈ లెక్క బోర్డు మీద వేశాను. ఫోకల్ లెంగ్త్ మీద ఐదు మార్కుల ప్రశ్నకి కూడా అంత శ్రద్ధగా వినరు.

పంచాంగం పేజీతో పరీక్ష

లెన్స్‌లని పోల్చడం చెడ్డ అలవాటేమీ కాదు. ఈ హాబీలో ఉన్న పెద్దవాళ్లు కూడా గంటల తరబడి అదే చేస్తారు. కాకపోతే ధరలు పోల్చినంత తేలికగా ఫోటోలు పోల్చలేం. ఒకడు ఎండలో తీసి, ఇంకొకడు సాయంత్రం తీసి, "నా లెన్స్ షార్ప్" అంటే అది పోలిక కాదు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. మీరు ఇంట్లో కూడా చేయవచ్చు.

గోడకి తగిలించే పెద్ద తెలుగు పంచాంగం క్యాలెండర్ తీసుకోండి. తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం చీమల బారులా అచ్చువేసిన పేజీ. నీడలో సమానమైన వెలుతురు పడేచోట గోడకి అంటించండి. కెమెరాని స్టూలు మీదో ట్రైపాడ్ మీదో కదలకుండా పెట్టి, పేజీ అంచులు ఫోటో అంచులకి సమానంగా వచ్చేలా చూసుకోండి. రెండు సెకన్ల టైమర్ పెట్టండి, బటన్ నొక్కేటప్పుడు వచ్చే కుదుపు కూడా లెన్స్ తప్పులా కనిపిస్తుంది. ఒకే లెన్స్‌తో ఎఫ్ నంబర్ మారుస్తూ నాలుగైదు తీయండి. తర్వాత కంప్యూటర్‌లో పెద్దది చేసి నాలుగు మూలలూ చూడండి.

తెలుగు అచ్చు దీనికి ఇంగ్లీషు కంటే బాగా పనికొస్తుంది. ఒత్తులు, తలకట్లు, సున్నాలు అంత సన్నగా ఉంటాయి కాబట్టి లెన్స్ ఏమాత్రం తడబడినా ముందు అవే అలుక్కుపోతాయి. "నక్షత్రం"లో క్షావత్తు మధ్యలో బాగుండి మూలకి వెళ్లేసరికి మచ్చలా మారితే, ఆ లెన్స్ అంచుల్లో బలహీనం. చాలా లెన్స్‌లు కన్నం పూర్తిగా తెరిచినప్పుడు అలాగే ఉంటాయి, రెండు మెట్లు మూస్తే సర్దుకుంటాయి. అలాగని మరీ మూసేస్తే, కాంతి సన్నటి కన్నంలోంచి వంగి వ్యాపించడం వల్ల మళ్లీ మసకబారుతుంది. చిన్న సెన్సర్ కెమెరాల్లో ఇది కాస్త ముందే మొదలవుతుంది, ఎఫ్ 11, 16కి వెళ్లకపోవడం మంచిది. క్యాలెండర్ అంచు గీతలు బయటికి ఉబ్బినట్టు కనిపిస్తే అది ఇంకో రకం లోపం. కొబ్బరాకుల్ని మెరిసే ఆకాశం మీద తీసినప్పుడు అంచుల వెంట ఊదా రంగు గీత వస్తే అది మరొకటి.

ఈ పరీక్షలో ఖరీదైన లెన్స్‌లు చాలావరకు గెలిచాయి. ఆశ్చర్యమేమీ లేదు. మా టేబుల్ మీద జరిగింది మాత్రం వేరే కథ.

పగటి వెలుతురులో గేటు దగ్గరి వేపచెట్టుని మూడు రకాలుగా తీశాం: ఒక ఫోన్‌తో, ఆ అబ్బాయి పాత కెమెరా కిట్ లెన్స్‌తో, మందార పువ్వు అమ్మాయి ఫుల్ ఫ్రేమ్‌తో. మూడింటిలోనూ చెట్టు అంతే సైజులో వచ్చేలా చూసుకున్నాం. ఆరు బై నాలుగులో ప్రింట్లు తీయించి, వెనక ఏమీ రాయకుండా ఏ, బీ, సీ అని మాత్రం పెట్టాను. ఏది ఏ కెమెరాదో చీటీల మీద రాయమన్నాను. ఎక్కువమంది ఫోన్ ఫోటోని ఫుల్ ఫ్రేమ్ అని రాశారు, అది మిగతావాటి కంటే మెరుస్తూ కనిపించింది కాబట్టి. నేను కూడా చీటీ వేశాను. నాదీ తప్పే.

కారణం కూడిక, గుణకారం స్థాయి లెక్క. ఆరు బై నాలుగు ప్రింట్‌కి అంగుళానికి 300 చుక్కల చొప్పున 1800 బై 1200 చుక్కలు చాలు. అంటే దాదాపు 22 లక్షలు. 16 మెగాపిక్సెల్ పాత కెమెరా కూడా కోటీ అరవై లక్షలు ఇస్తుంది. చెంబు నింపడానికి బిందె, డ్రమ్ము, ట్యాంకరు పోటీపడితే చెంబుకి తెలియదు కదా. తేడా తెలియాలంటే ప్రింట్ పెద్దదవ్వాలి, లేదా వెలుతురు తగ్గాలి. ఇదే పరీక్ష సాయంత్రం కారిడార్‌లో ఒక్క బల్బు కింద చేసినప్పుడు పిల్లలు వెంటనే పట్టేశారు. ఫోన్ ఫోటోలో ముఖం మైనం పూసినట్టుంది, కిట్ లెన్స్‌ది ఊగిపోయింది.

ప్రింట్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక జాగ్రత్త. ఆరు బై నాలుగు అనేది 36 బై 24 నిష్పత్తి. ఫోన్‌లూ, మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాలూ మామూలుగా నాలుగు బై మూడు నిష్పత్తిలో తీస్తాయి. ల్యాబ్‌లో ప్రింట్ వేసినప్పుడు ఎత్తులో తొమ్మిదో వంతు ఎగిరిపోతుంది. గ్రూప్ ఫోటోలో వెనక వరస తాతగారి నుదురు కత్తిరించుకుపోయేది ఇందుకే. తీసేటప్పుడే పైనా కిందా కాస్త ఖాళీ వదలమని పిల్లలకి చెప్పండి.

మరి కొనాలా వద్దా?

నన్ను అడిగితే మొదటి ఆరు నెలలు ఏదీ కొనకండి. ఆ తర్వాత కంప్యూటర్‌లో వాళ్ల ఫోటోలన్నీ ముందేసుకుని ఒక్క పని చేయండి. ప్రతి డిజిటల్ ఫోటోలోనూ అది ఏ ఫోకల్ లెంగ్త్ దగ్గర, ఏ ఎఫ్ నంబర్‌తో తీశారో దాగి ఉంటుంది, ప్రాపర్టీస్ నొక్కితే కనిపిస్తుంది. బాగా వచ్చినవి ఎక్కడ తీశారు, చెడిపోయినవి ఎందుకు చెడిపోయాయి చూడండి. చీకట్లో ఊగిపోయినవి ఎక్కువుంటే ఎఫ్ నంబర్ తక్కువున్న లెన్స్ నిజమైన అవసరం. పక్షులు చుక్కల్లా వచ్చినవి ఎక్కువుంటే కావలసింది పొడవైన లెన్స్, ఎఫ్ 1.8 అక్కడ ఎందుకూ పనికిరాదు. చూడడానికి ఫోటోలే పెద్దగా లేకపోతే, మీకు జవాబు దొరికినట్టే.

ఇంకో దారి మీ బీరువాలో ఉండొచ్చు. లెన్స్ ఊడదీసి మార్చుకునే రకం పాత ఫిల్మ్ కెమెరా ఇంట్లో ఉంటే, దానికి 50 ఎం.ఎం. లెన్స్ తరచుగా ఉంటుంది, ఎఫ్ 1.8 లేదా 2. అద్దం లేని కొత్త తరం కెమెరాల్లో, ముఖ్యంగా మైక్రో ఫోర్ థర్డ్స్‌లో, లెన్స్‌కీ సెన్సర్‌కీ మధ్య దూరం చాలా తక్కువ. అందుకని మధ్యలో అడాప్టర్ అనే లోహపు రింగు పెట్టి ఆ పాత లెన్స్‌లు వాడుకోవచ్చు. రింగులో గాజు ఉండదు కాబట్టి ఖరీదు తక్కువ. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. రీలు వేసి నొక్కడమే తప్ప లెన్స్ ఊడని చిన్న ప్లాస్టిక్ కెమెరాలతో మాత్రం ఈ పని కుదరదు.

సెకండ్ హ్యాండ్ లెన్స్ కొంటున్నా, బీరువాలోంచి తీస్తున్నా, ముందు చీకటి గదిలో ఒకవైపు నుంచి టార్చి వేసి రెండోవైపు నుంచి చూడండి. సాలెగూడులాంటి సన్నటి దారాలు కనిపిస్తే అది ఫంగస్. కోస్తా జిల్లాల ఉక్కపోతకి ఇది మామూలే. తోలు సంచిలో, బట్టల మధ్య దాచిన లెన్స్‌లకి ఇంకా త్వరగా పడుతుంది. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచితే చాలు.

ఫోటోలు పంచుకోవడం గురించి కూడా ఒక మాట. పైన చెప్పిన దాగి ఉండే సమాచారంలో ఫోటో తీసిన చోటు కూడా ఉండొచ్చు. ఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ సమాచారం తొలగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్తుంది. వేరే పిల్లల ముఖాలున్న ఫోటో ఎవరికీ పంపకూడదన్నది క్లబ్‌లో మా నియమం, ఆ పిల్లల అమ్మానాన్నలు సరేనంటే తప్ప.

ఇక ఆ నాన్నగారి విషయం. ఫోన్‌లో మాట్లాడాను. నేనన్న మాట, దాని తర్వాత జరిగింది చెప్పాను. ఆయన కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే పరీక్షలయ్యేదాకా ఆగుతాం మేడమ్" అన్నారు. మా నాన్న పాత ఫిల్మ్ కెమెరా లెన్స్ ఒకటి మా ఇంట్లో ఉంది, 50 ఎం.ఎం. ఎఫ్ 1.8. దానికో రింగు తెప్పించి ఆ అబ్బాయికి నెల రోజులు వాడమని ఇచ్చాను. ప్రింట్ వెనక రాయించడం మానేశాం. వివరాలన్నీ ఇప్పుడు విడిగా ఒక నోట్‌బుక్‌లో ఉంటాయి, చర్చ అయ్యాకే తెరుస్తాం.

పోయిన శనివారం వాడు మళ్లీ నాయనమ్మగారి ఫోటో తెచ్చాడు. దీపం పెట్టే వేళ తీసింది. ఫోకస్ కళ్ల మీద కాకుండా చెవి కమ్మల మీద పడింది. పిల్లలు అది పట్టేశారు, వాడూ ఒప్పుకున్నాడు. "కానీ పాతదే బాగుంది, బియ్యం ఎగిరేది" అని మందార పువ్వు అమ్మాయి అంది. వాడు బ్యాగులోంచి ఆ పాత ప్రింట్ కూడా తీసి టేబుల్ మీద పెట్టాడు.

వచ్చే నెల మూడో శనివారం మధ్యాహ్నం మూడు గంటలకి క్లబ్ గదిలో ఈ నెల ప్రింట్లన్నీ గోడకి పెడుతున్నాం. వీలైతే రండి. మీ బీరువాలో పాత లెన్స్ ఏదైనా ఉంటే వెంట తీసుకురండి. టార్చి, పంచాంగం క్యాలెండర్ మా దగ్గర ఉన్నాయి.